మగ్గం గుంజ మీద 24వ తరగతి

మాంచెస్టర్‌కి ఉత్తరాన, వైట్‌ఫీల్డ్ దగ్గర బెసెస్ ఓ ద బార్న్ అని ఒక ఊరుంది. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లో జాన్ హార్స్‌ఫీల్డ్ (1792–1854) అనే నేతగాడు గింగం గళ్ల బట్ట నేసి బతికేవాడు. స్వీడన్ పండితుడు లిన్నేయస్ మొక్కలన్నిటినీ 24 తరగతులుగా విడగొట్టాడు కదా, ఆ పట్టికను హార్స్‌ఫీల్డ్ ఒక కాగితం మీద ఎక్కించుకుని మగ్గం గుంజకి తగిలించాడు. పనిలో కూర్చుంటే అది కళ్లెదుటే ఉండేది. అలా నేస్తూ చదువుతూ మొత్తం కంఠతా పట్టాడు.

మొదటి 23 తరగతులూ పువ్వులున్న మొక్కలవి. పువ్వు విప్పి కేసరాలు ఎన్ని, ఎలా అమరాయి అని చూస్తే చాలావరకు తరగతి తేలిపోతుంది. 24వది మిగులు సరుకు. పువ్వు కనబడనివాటినన్నిటినీ, అంటే ఫెర్నులు, మాస్‌లు, నాచులు, పుట్టగొడుగులు, అన్నిటినీ లిన్నేయస్ ఆ చివరి తరగతిలోకి నెట్టేశాడు. పెద్దపెద్ద తోటలున్న దొరలు ఆ తరగతి దాకా వచ్చేసరికి పుస్తకం మూసేసేవారు. లాంకషైర్ నేతగాళ్లలో, చెప్పులు కుట్టేవాళ్లలో, మూటలు కట్టే కూలీల్లో కొందరు మాత్రం సరిగ్గా అక్కడే పుస్తకం తెరిచారు.

ఈ కథ నన్ను పట్టుకోవడానికి కారణం లేకపోలేదు. నేను పుట్టింది చీరాల పక్కన పేరాలలో, గుంటమగ్గం ఉన్న ఇంట్లో. మా నాన్న నేసినవి గళ్ల రుమాళ్లు. మద్రాసు రుమాళ్లని పేరు పెట్టి షావుకార్లు వాటిని పడమటి ఆఫ్రికాకి పంపేవారు. తాడు లాగితే నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకి పరిగెత్తే ఏర్పాటు మా మగ్గానికీ ఉండేది. దాన్ని 1733లో పేటెంటు చేయించుకున్న జాన్ కే అనేవాడిది బెరీ. హార్స్‌ఫీల్డ్ ఊరికి ఆ బెరీ పక్క పట్నమే. బతుకుతెరువుకి మాత్రం నేను మగ్గం ఎక్కలేదు, డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా సిలబస్‌లో మాస్ అంటే ఫ్యునేరియా ఒక్కటే. అదీ గాజుపలక మీద రంగు వేసి అతికించిన శాశ్వత స్లైడు. వానాకాలం కాలేజీ ప్రహరీ గోడంతా పచ్చగా మాసే పట్టి ఉన్నా, గోడ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లే తీరిక టైంటేబుల్లో ఉండేది కాదు.

ఇప్పుడు మా అమ్మాయి కాపురం ప్రెస్ట్‌విచ్‌లో. ఆ ఊరి సెయింట్ మేరీ చర్చి కింద నుంచి ఒక లోయ దిగుతుంది. ఇలాంటి లోయల్ని అక్కడివాళ్లు క్లఫ్ అంటారు. వాగు కోసుకుంటూ పోయిన ఇరుకు దారి, రెండు గట్ల మీదా ఓక్, బీచ్, బర్చ్ చెట్లు. ఆ చర్చి ఆవరణలోనే హార్స్‌ఫీల్డ్ సమాధి ఉంది. చలికాలంలో చెట్లన్నీ మోడులైనా క్లఫ్ నేల మాత్రం పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనంలో పెద్ద వాటా ఒకే ఒక్క మాస్‌ది: మ్నియం హోర్నం.

ఇప్పటి ఇంగ్లిషు వాళ్లు దీన్ని హంసమెడ మాస్ అని పిలుచుకుంటారు. ఎందుకో చెప్పే ముందు గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. పాత మాస్టారి అలవాటు, పోదు.

ముందు మొక్కని కాదు, చోటుని చూడాలి. చెట్టు మొదట్లో, వేళ్ల సందుల్లో, కుళ్లుతున్న దుంగ మీద, వాగు గట్టున, ఇసుకరాయి మీద దిండ్లు దిండ్లుగా ఉంటే ఇదే అయ్యుండొచ్చు. నేల ఆమ్లంగా ఉండాలి దీనికి. సున్నపురాతి నేలలో వెతికితే దొరికే ఆశ తక్కువ. చెట్టు మొదలు దాటి పైకి ఎక్కడం కూడా అరుదు.

తరవాత కాడ. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు, కొమ్మలు లేకుండా నిటారుగా ఉంటుంది. ఒక్క కాడ పీకి పదింతలు చూపించే చేతికటకం కంటికి ఆనించి, ఆకుని దాని దగ్గరికి తేవాలి. (కటకాన్ని ఆకు దగ్గర పెట్టి దూరం నుంచి చూసేవాళ్లే ఎక్కువ. అలా అయితే ఏమీ కనబడదు.) ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది. అంచు చుట్టూ మందపాటి గట్టు, చీరకి అంచు నేసినట్టు. ఆ గట్టు మీద పళ్లుంటాయి. పళ్లు ఒక్కొక్కటిగా ఉండవు, జంటలు జంటలుగా ఉంటాయి. ఈ జంట పళ్లు కనబడితే సగం పని అయిపోయినట్టే. నడిమి ఈనె ఆకు కొస దాకా పోకుండా కాస్త ముందే ఆగిపోతుంది. ఆకు వెనక్కి తిప్పితే కొస దగ్గర ఈనె మీద కూడా సన్నని పళ్లుంటాయి. ముదిరిన ఆకుల అంచులు ఎర్రమన్ను రంగుకి తిరుగుతాయి.

ఇంకో మూడింటితో దీన్ని పొరబడే ప్రమాదం ఉంది. ఆట్రికం ఆకు మీద అడ్డంగా ముడతలుంటాయి, ఎండితే ముడుచుకుపోయి ఎందుకూ పనికిరానట్టు కనబడుతుంది. పాలిట్రైకం ఆకు బిరుసు, సూదిలా పొడుచుకుంటుంది, పైగా అంచు గట్టు లేదు. ప్లాజియోమ్నియం అండ్యులేటం దగ్గరి చుట్టమే కానీ దాని ఆకు వెడల్పు, నాలుకలా అలలు తిరిగి ఉంటుంది.

ఏప్రిల్‌లో వెళ్తే ఈ తంటా అంతా అక్కర్లేదు. పాత ముదురు పచ్చదనం మీద కొత్త చిగుళ్లు లేత పసుపుపచ్చగా లేచి, దిండు రెండు రంగుల్లో కనిపిస్తుంది. మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క కొసన ఆకులు చుట్టూ విచ్చుకుని మధ్యలో గోధుమరంగు బిళ్లతో ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని పువ్వులే అనుకుంటారు. ఆడ మొక్క నుంచి సన్నని కాడ ఒకటి పైకి లేచి, చివర ఒక్కసారిగా వంగి, దానికి గుళిక తలకిందులుగా వేలాడుతుంది. హంసమెడ అదే. గుళిక మూత ఊడిపోయాక మూతి చుట్టూ రెండు వరసల పళ్లుంటాయి, వరసకి 16. మాస్‌లలో ఈ పళ్ల లెక్క 4, 8, 16, 32, 64 అన్న వరసలోనే వస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని మాస్‌లకి ఒక వర్గీకరణ కట్టినవాడు లైప్‌జిగ్ వైద్యుడు యోహాన్ హెడ్విగ్. ఆయన పోయాక 1801లో అచ్చయిన ఆయన పుస్తకం నుంచే ఇవాళ్టికీ మాస్‌ల పేర్లు లెక్కకొస్తాయి. మ్నియం హోర్నం అని రాసి పక్కన ఆయన పేరు పొట్టిగా చేర్చేది అందుకే.

ఇప్పుడు అసలు సంగతి. రోజంతా మగ్గం మీద వంగి కూర్చునే మనిషికి మాస్‌లెందుకు పట్టాయి?

నాకు తోచిన కారణాలన్నీ డబ్బు, తీరికలకు సంబంధించినవే. పువ్వుల మొక్కలకి కాలం ఉంటుంది. మేలో మొదలై సెప్టెంబరుకి సరి. మాస్‌లకి చలికాలమే మంచి కాలం. పువ్వుల మొక్కని ఎండబెట్టాలంటే బరువైన చెక్కలు, దండిగా కాగితం కావాలి, రంగు పోకుండా చూసుకోవాలి. మాస్‌ని పాత కాగితంలో పొట్లం కట్టి టోపీలో పెట్టుకుంటే చాలు, తనంతట తనే ఎండుతుంది. ఎన్నో ఏళ్ల తరవాత నీళ్లలో వేసినా ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి, పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. తోట ఉండనక్కర్లేదు, గాజు ఇల్లు అక్కర్లేదు. క్లఫ్‌లోకి దారి ఉంటే చాలు. ఆ దారుల్ని కూడా భూస్వాములు మూసేస్తుంటే, పాత కాలిబాటల్ని కాపాడుకోవడానికి 1826లో మాంచెస్టర్‌లో ఒక సంఘమే పుట్టింది.

ఇక కన్ను. నేతగాడికి పోగు తెగితే వెంటనే తెలుస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల ఆకు అంచున పన్ను ఒకటా రెండా అనేది చూడడానికి ఆ కన్ను సరిపోతుందని నా ఊహ. రుజువు లేదు, మా నాన్న కన్ను చూసినవాణ్ణి గనక అంటున్నాను. టాడ్‌మోర్డెన్‌లో జాన్ నోవెల్ (1802–1867) చేమగ్గం మీద మొదలై తరవాత మిల్లులో పడుగులు అతికే పనికి చేరాడు. పాత పడుగు కొసకి కొత్త పడుగు కొసని వేళ్లతో మెలిపెట్టి కలపాలి, పోగు తరవాత పోగు, వందలకొద్దీ. మాస్‌ల విషయంలో ఇంగ్లండులో పేరుమోసినవాళ్లు అనుమానం తీర్చుకోవాలంటే ఆయనకి రాసేవారు.

చేమగ్గం మనిషికి ఇంకో సౌకర్యం కూడా ఉండేది. గుడ్డ ఫలానా రోజుకి అందితే చాలు, ఏ గంటలో నేశావని అడిగేవాడు లేడు. లాంకషైర్‌లో సోమవారం మగ్గం ఆపేసి తిరగడం ఒక ఆచారంగానే సాగింది, ‘సెయింట్ మండే’ అని దానికి వేళాకోళంగా ఓ పేరు. మా వైపు అమావాస్యకి మగ్గం ఆపేవారు.

ఆదివారం మాత్రం పబ్బులో సభ. ఒక్కో ఊరివాళ్లు ఒక్కో సంఘం. ప్రెస్ట్‌విచ్ సంఘం 1820లో మొదలైంది, హార్స్‌ఫీల్డ్ దానికి ముప్ఫై ఏళ్లకి పైగా అధ్యక్షుడు. ప్రతి సభ్యుడూ నెలకి కొంత చందా వేసుకునేవాడు. అందులో కొంత పుస్తకాలకి, కొంత బీరుకి. పబ్బు యజమాని గది ఊరికే ఇచ్చేవాడు, బీరు అమ్మకమే అద్దె. సంఘం పుస్తకాలు కూడా పబ్బులోనే ఉండేవి. ఒక్కడి కూలితో కొనలేని పుస్తకాన్ని ఇరవై మంది కలిసి కొని, వంతులవారీగా ఇంటికి పట్టుకెళ్లేవారు. ఆదివారం పూట పబ్బులో కూర్చున్నారని పాదిరీలు గుర్రుగా ఉండేవారు. వీళ్లు చలించలేదు. ఆ బల్లల చుట్టూ ఆడవాళ్ల పేర్లు దాదాపు వినబడవు. పబ్బు అనేసరికే సగం ఊరికి తలుపు మూసినట్టు.

తెచ్చిన మొక్కలన్నీ బల్ల మీద కుప్పపోసేవారు. అధ్యక్షుడు ఒకటి తీసి ఎడమ పక్కవాడికి ఇచ్చి దాని లాటిన్ పేరు చెప్పేవాడు. అతను దాన్ని పక్కవాడికి అందిస్తూ పేరు కూడా అందించేవాడు. అలా గది చుట్టూ తిరిగేది. ఈలోపు రెండోది బయల్దేరేది, దాని వెనక మూడోది. ఒక్కసారి ఊహించుకోండి. పది మొక్కలు, పది పేర్లు, లాంకషైర్ యాసలో లాటిన్, మధ్యలో బీరు. బడి మొహం చూడనివాళ్లు కొందరు, పలకలేక మధ్యలో మింగేసేవాళ్లు ఇంకొందరు, “అది కాదు, ఇది” అని దెబ్బలాడేవాళ్లు మరికొందరు. ఈ చివర ‘హోర్నం’ అని బయల్దేరింది ఆ చివరికి ఏమై చేరేదో! చివరికి ఈ గోల పడలేక, ఒక్కడే లేచి అందరికీ వినబడేలా పేరు చెప్పాలని, మిగతావాళ్లు నోరు మూసుకోవాలని కట్టడి చేసుకున్నారు.

అంత కష్టపడి లాటిన్ ఎందుకంటే, పువ్వుల మొక్కకి ఊరూరా ఒక వాడుకపేరు ఉండేది కానీ అప్పట్లో మాస్‌లకి ఏ ఊళ్లోనూ దాదాపు పేర్లే లేవు. ఓల్డమ్ మనిషీ ప్రెస్ట్‌విచ్ మనిషీ ఒకే మాస్ గురించి మాట్లాడుకోవాలంటే లాటిన్ పేరే దిక్కు.

రిచర్డ్ బక్స్‌టన్ (1786–1865) ఇలాంటివాడే. చిన్నపిల్లల జోళ్లు కుట్టేవాడు. పదహారేళ్లొచ్చినా అక్షరం రాదు, తనంతట తనే నేర్చుకున్నాడు. మూలికల మీద మోజుతో కల్పెపర్ పుస్తకం కొన్నాడు, అక్కణ్ణుంచి అసలు వృక్షశాస్త్రంలోకి దిగాడు. చాలాకాలం ఒంటరిగానే తిరిగాడు. 1826 జూన్‌లో కెర్సల్ మూర్ అనే బీడు మీద మొక్కల కోసం వంగి ఉన్న ఇంకో మనిషి కనిపించాడు. అతనే హార్స్‌ఫీల్డ్. అప్పటినుంచి సభలకి వెళ్లడం మొదలెట్టాడు. 1849లో ఆయన పుస్తకం అచ్చయింది: మాంచెస్టర్‌కి 16 మైళ్ల లోపల సహజంగా పెరిగే పూలమొక్కలు, ఫెర్నులు, మాస్‌లు, నాచులు, ఏది ఎక్కడ దొరుకుతుందో వివరంగా. పదహారు మైళ్లంటే పొద్దున నడిచి వెళ్లి రాత్రికి ఇల్లు చేరగల దూరం. సొంత కాళ్లే కొలబద్దగా రాసిన పుస్తకం అది.

ఎడ్వర్డ్ హాబ్సన్ (1782–1830) మాంచెస్టర్‌లో గిడ్డంగి పనివాడు. ఆయన చేసిన పని నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది. మాస్‌ల పుస్తకాలు ఖరీదెక్కడానికి కారణం రాగిపలకల మీద చెక్కిన బొమ్మలు. బొమ్మ ఎందుకు, మొక్కనే అతికిస్తే పోలే అనుకున్నాడు. ఎండబెట్టిన అసలు మాస్ ముక్కల్ని కాగితాల మీద అతికించి, కింద పేరు అచ్చువేసి, పుస్తకంలా కుట్టి చందాదారులకి ఇచ్చాడు. మొదటి సంపుటం 1818, రెండోది 1822. ప్రతి ప్రతిలోనూ ప్రతి జాతికీ ఒక ముక్క ఉండాలి, ఆ ముక్కకి వీలైతే గుళిక ఉండాలి. పగలంతా మూటలు కట్టి, మిగిలిన తీరికలో ఇదంతా ఏరి, శుభ్రం చేసి, సరిచూసి అతికించడం ఎంత పనో హెర్బేరియం చేసినవాళ్లకే తెలుస్తుంది. నేను మా కాలేజీకి పూలమొక్కలతో చేయించాను. పిల్లల చేత చేయిస్తేనే నడుం పడిపోయింది.

అదే 1818లో విలియం జాక్సన్ హుకర్, థామస్ టేలర్ కలిసి బ్రిటన్ మాస్‌ల మీద పెద్ద గ్రంథం వేశారు. హుకర్ తరవాత గ్లాస్గోలో ప్రొఫెసరు, ఆ తరవాత క్యూ ఉద్యానానికి డైరెక్టరు. ఆయన హాబ్సన్‌కి ప్రోత్సాహం ఇచ్చాడు, పేర్లు సరిచూసి పెట్టాడు, నిజమే. కానీ ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. వారింగ్టన్‌కి చెందిన విలియం విల్సన్ (1799–1871) ప్లీడరు చదువు చదివి, ఆరోగ్యం చెడి, జీవితమంతా మాస్‌లకి ధారపోశాడు. హుకర్ గ్రంథాన్ని తిరగరాసి 1855లో బయటపెట్టాడు. దాని వెనక పడుగు అతికే నోవెల్ లాంటివాళ్లు పంపిన పొట్లాలున్నాయి. అట్ట మీద మాత్రం విల్సన్ పేరొక్కటే. చీర మీద షావుకారు ముద్ర చూసి పెరిగినవాడికి ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

ఈ లోపల మగ్గాలు మారిపోతున్నాయి. బ్రిటన్‌లో మరమగ్గాలు 1813లో 2,400 ఉంటే, 1820లో 14 వేలు దాటాయి, 1833కి లక్ష అయ్యాయి. మంచి రోజుల్లో వారానికి 20 షిల్లింగులు దాటిన చేమగ్గం కూలి 1830 నాటికి ఆరేడు షిల్లింగులకి దిగింది. మన కోస్తా నేతని ముంచిన సరుకు ఆ మిల్లుల్లోదే. ముందు అది ముంచింది తన ఊరి నేతగాణ్ణి. మిల్లులో చేరినవాడికి కూలి కాస్త మెరుగైనా సోమవారం పోయింది. గంట కొట్టేసరికి గేటు లోపల ఉండాలి. నోవెల్ లాంటివాళ్లు ఆదివారాలతో సరిపెట్టుకున్నారు. హార్స్‌ఫీల్డ్ ఇంకో దారి పట్టాడు. పూలదుంపలు పెంచి సంకరం చేశాడు. ఆయన పుట్టించిన రెండు రంగుల నార్సిసస్ ఆయన పేరుమీదే తరవాత తోటల్లో బాగా పాకింది. మాస్ ఏ తోటలోనూ పైసా తేలేదు మరి.

మిల్లుల పొగ చెట్లనీ వదల్లేదు. మాంచెస్టర్ చుట్టుపక్కల చెట్ల బెరడు మీది లైకెన్లు పొగవల్ల తగ్గిపోతున్నాయని అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు లియో గ్రిండన్ 1859లోనే రాశాడు. ఆమ్లవర్షం గురించి ఆ పేరుతో ప్రపంచానికి మొదట చెప్పిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ కూడా మాంచెస్టర్‌లో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడే, 1872లో పుస్తకం వేశాడు. బెరడు మీద బతికే ఆర్థోట్రైకం ప్రజాతి మాస్‌లు ఈ గాలికి తట్టుకోలేక పారిశ్రామిక ప్రాంతాల్లో చాలా చోట్ల కనబడకుండా పోయాయి. మ్నియం హోర్నంకి ఆమ్లం కొత్త కాదు, నిలిచింది. బొగ్గు మంటలు ఆరి గాలి తేటపడ్డాక ఆర్థోట్రైకాలు మళ్లీ ఎల్డర్, విల్లో కొమ్మల మీదికి వస్తున్నాయి.

ఈ పనివాళ్ల జీవితాల్ని 1873లో జేమ్స్ కాష్ ఒక పుస్తకంగా రాశాడు. మనసుంటే మార్గం ఉంటుందన్నది ఆ శీర్షిక సారాంశం. శామ్యూల్ స్మైల్స్ స్వయంకృషి పాఠాలు ఊపందుకున్న కాలం కదా. కాష్ లేకపోతే ఈ పేర్లు సగం మాసిపోయేవి, ఆ రుణం ఒప్పుకోవాలి. కానీ ఒక్కడు పట్టుదలతో పైకొచ్చాడన్న మూసలో వీళ్లని పోయడం నాకు నచ్చదు. గుంజ మీద కాగితం హార్స్‌ఫీల్డ్ ఒక్కడిదే. పుస్తకం ఇరవై మందిది, బీరు డబ్బు అందరిది, పేరు సరో కాదో తేల్చేది బల్ల.

ఆ బల్ల పూర్తిగా పోలేదు కూడా. 1896లో మాస్ ఎక్స్ఛేంజ్ క్లబ్ అని ఒకటి పెట్టి, సభ్యులు పొట్లాల్ని పోస్టులో ఒకరికొకరు పంపుకోవడం మొదలెట్టారు. 1923లో అది బ్రిటిష్ బ్రయలాజికల్ సొసైటీ అయింది. ఇప్పటికీ చలికాలమంతా దాని స్థానిక బృందాలు క్లఫ్‌ల వెంట తిరుగుతుంటాయి. రిటైరైన టీచర్లు, కంప్యూటర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు వస్తారు, ఆడవాళ్లు తక్కువేమీ కాదు. మా అమ్మాయి నన్ను దింపి వెళ్తూ, “నాన్నా, మళ్లీ ఆ గట్టు మీదే కూర్చోకు, తడిసిపోతావ్,” అంటుంది. నడిపించే మనిషి ఒక రెమ్మ పీకి పక్కవాళ్లకి ఇస్తుంది. పేరు మాత్రం చెప్పదు. కటకం ఆనించి చూసి ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి, తప్పయితే పక్కవాళ్లు సరిదిద్దుతారు. అంతా అయ్యాక దగ్గర్లో ఉన్న పబ్బుకే పోతారు. నేను టీ తాగుతాను.